నాలుగో మెట్టు

రైలింజను బొమ్మ ఎవరు నా ముందు పెట్టినా నా చెయ్యి ముందు జేబులోకి పోతుంది. జేబులో ఒక భూతద్దం, ఒక వెర్నియర్ స్కేలు ఎప్పుడూ ఉంటాయి. ముప్పై ఏళ్ళు లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడికి ఇంకే అలవాటు మిగులుతుంది? జనగామలో మా ఇంట్లో దోసె గుండ్రంగా రాకపోయినా నా కంటికి ఆనుతుంది. "గీయన దోసెకు గూడ స్కేలు వెడ్తడు" అని మా ఆవిడ చుట్టాల ముందు అంటుంది. అననీ. వంకర ఉన్నదాన్ని వంకర అనక మరేమనాలి?

అందుకే, రిటైరైన రైల్వేవాళ్ళం కొందరం కలిసి మహబూబాబాద్‌లో ఒక బడి హాల్లో ఇంజను నమూనాల ప్రదర్శన పెట్టినప్పుడు, తీర్పు చెప్పే పని నాకే అప్పగించారు. మొదటి స్థానం వచ్చిన బొమ్మ ఏడాది పాటు ఆ హాల్లోనే అద్దాల పెట్టెలో ఉంటుందని చెప్పాం. పెద్ద బహుమతేం కాదు గానీ, తెచ్చిన ప్రతివాడి కళ్ళూ ఆ ఖాళీ పెట్టె మీదే ఉన్నాయి.

భూపాలపల్లి నుంచి ఒక బొగ్గుగని ఉద్యోగి కరెంటు ఇంజను తెచ్చాడు. ఇంజను నెత్తిమీద కరెంటు తీగను అందుకునే చట్రాలు రెండుంటాయి, వాటినే పాంటోలంటాం. నడిచేటప్పుడు మామూలుగా వెనకది ఒక్కటే లేస్తుంది. ఈయన రెండూ లేపి పెట్టాడు, బండి బయల్దేరే ముందు దేవుడికి దండం పెట్టుకుంటున్నట్టు. వాళ్ళ ఊరికి రైలే లేదు, పోనీలే అనుకుని ముందు పాంటోను నేనే వేలితో దించాను. ఆయన నవ్వేశాడు. అసలు డ్రాయింగు ఎక్కడో సంపాదించి చేశాడు కాబట్టి మిగతా కొలతలన్నీ సరిగ్గా వచ్చాయి.

చివరి బల్ల దగ్గర నిలబడ్డ మనిషిది నర్సింహులపేట దిక్కు ఒక తండా. మహబూబాబాద్ గూడ్స్ షెడ్డులో యూరియా సంచులు దించే హమాలీ. నలభై దాటి ఉంటాయి. మూరెడు పొడుగు ఇంజను, నూనె డబ్బా రేకుతో చేశాడు. చక్రాలకు మందు సీసాల మూతలు, పాంటోలకు పాత గొడుగు ఊచలు. వెనక పాంటో ఒక్కటే లేచి ఉంది. అది చూడగానే నేను వెర్నియర్ బయటికి తీశాను.

"డ్రాయింగ్ జూసి చేసినవా?" అని అడిగాను.

"లేదు సారు. సంచులతోని కొలిచిన."

"సంచులతోనా?"

"మేం దించిన సంచులు వరుసగ పండుకోవెడ్తం గద. ఇంజన్ వచ్చి ఆ వరుస పక్కన ఆగుతది. ఇరవై నాలుగు సంచుల పొడుగు. గా లెక్కనే అన్నీ తగ్గించుకుంట వచ్చిన."

కొలిచి చూశాను. పొడుగుకూ ఎత్తుకూ, చక్రానికీ చక్రానికీ మధ్య ఎడానికీ పొంతన సరిగ్గా కుదిరింది. నాకు కొంచెం కుళ్ళు పుట్టిన మాట నిజం. తప్పు వెతకాలన్న పట్టుదల కూడా పుట్టింది. దొరికింది. ఇంజనుకు రెండు కొసలా డ్రైవరుండే క్యాబులు రెండు, తలుపులు నాలుగు. మూడు తలుపుల కింద మూడేసి మెట్లున్నాయి. రెండో క్యాబులో డ్రైవరు కూర్చునే వైపు తలుపు కింద మాత్రం నాలుగున్నాయి. పైగా ఆ నాలుగోది కాస్త వంకర.

"నాలుగు తలుపులకు ఒక్కతీరు మెట్లుంటయి. గిదేంది?" అన్నాను.

"గా ఇంజన్‌కు గట్లనే ఉన్నది సారు. నేను జూసిన. నంబర్ గూడ అదే ఏసిన."

అక్కడితో ఊరుకోవాల్సింది. నోరు ఊరుకుంటేనా! "ముప్పై ఏండ్లు నేను విప్పి బిగించిన ఇంజన్లు. సంచులు మోసుకుంట నువ్వు జూసింది నాకు చెప్తవా?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. బొమ్మను ఖాళీ యూరియా సంచిలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. నేను కాగితం మీద ఆ ఇంజను నంబరు వేసి రాశాను: "మెట్ల సంఖ్య తప్పు. కింది మెట్టు వంకర, పనితనం లోపం." అద్దాల పెట్టెలోకి భూపాలపల్లి ఇంజను వెళ్ళింది.

తర్వాత మేం పెట్టుకున్న రెండు సమావేశాలకూ మావాళ్ళు ఆ హమాలీని పిలిచారట, రాలేదు. "గా హమాలీ ఆయన మల్ల కనవడలే" అని మావాళ్ళలో ఒకాయన ఫోన్లో చెప్పాడు. అతను బొమ్మల పని మానేశాడని అప్పుడే నా మనసులో పడిపోయింది. గొడుగు ఊచలతో పాంటో వంచిన చేతులు నా ఒక్క మాటకు ఆగిపోయాయని తలుచుకుంటే అన్నం సయించేది కాదు. తప్పును తప్పన్నాను కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి. చెప్పిన తీరు గుర్తొస్తే మళ్ళీ మొదటికొచ్చేది.

మొన్న వానాకాలంలో మా ఆవిడ చెల్లెలి ఇంటికని ఇద్దరం పొద్దున్నే మహబూబాబాద్‌లో దిగాం. మధ్య లైనులో ఒక గూడ్సు సిగ్నలు కోసం ఆగి ఉంది. నా కళ్ళు అలవాటుగా ఇంజను నంబరు మీదికి పోయాయి. అదే నంబరు. తీర్పు కాగితం మీద నా చేత్తో రాసిన నంబరు.

సంచి అక్కడే దించి ప్లాట్‌ఫాం కొసదాకా నడిచాను. రెండో క్యాబు, డ్రైవరు వైపు తలుపు. మెట్లు లెక్కపెట్టాను. నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగే.

ఏ షెడ్డులోనో పాత మెట్లు దెబ్బతిని ఉంటాయి. చేతికందిన వేరే మెట్లు తెచ్చి అతికించి ఉంటారు. మేమూ అంతే చేసేవాళ్ళం. బండి పొద్దుటికి బయటపడాలంటే డ్రాయింగు ఎవడు చూశాడు? అలాంటి అతుకులు నా చేత్తోనే ఎన్ని వేశానో లెక్కలేదు. తీర్పు చెప్పే కుర్చీలో కూర్చోగానే అవన్నీ మరిచిపోయి, డ్రాయింగులొక్కటే గుర్తుపెట్టుకున్నాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

మా ఆవిడ సంచి మోసుకుంటూ వెనకే వచ్చింది. సంగతి విని, "గిక్కడ మొకం ముడుచుకొని నిలవడ్తే ఏమొస్తది? గా మనిషికే పోయి చెప్పుండ్రి" అంది.

గూడ్స్ షెడ్డు ఆ పక్కనే. అతను తలగుడ్డ పరుచుకుని సంచుల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి లేచాడు. నేను కూర్చోలేదు.

"తమ్మీ, తప్పు నాదే. నాలుగు మెట్లున్నయి. ఇప్పుడే జూసిన. నలుగురి ముంగట నిన్ను అట్ల అనకుంట ఉండాల్సింది" అన్నాను. "బొమ్మ ఉన్నదా, పారేసినవా?"

"ఎందుకు పారేస్త సారు? మీరు తప్పన్నరని ఇంజన్ మారలే గద."

"మరి నా మాటకే పని బంద్ చేసినవనుకున్న. మల్ల రాకపోతివి."

అతను నా మొహంలోకి వింతగా చూశాడు. "మీ మాటకు మానుకుంటనా! యూరియా సీజన్ సారు. పొద్దంత సంచులే, తీరలే. కొత్తగ మొదలువెట్టిన డీజిల్ ఇంజన్ బొమ్మ సుత సగం అయ్యింది."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే అక్కడే సంచుల మీద కూలబడ్డాను. ఇన్ని నెలలు నా మాట అతని చేతులు కట్టేసిందని కుమిలిపోయాను. రోజూ లారీలకు లారీలు మోసే మనిషికి నా మాట ఒక బరువా? గుండెల మీది బండ దిగినంత హాయిగా అనిపించింది. ఇంత చిన్నవాణ్ణయినందుకు అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

షెడ్డు గదిలోంచి అతను బొమ్మ తెచ్చాడు. అదే యూరియా సంచిలో ఉంది. నేను ఆ మెట్ల మీద వేలు పెట్టి, "గివే, నాలుగు" అన్నాను.

"నాలుగోది ఎట్లున్నది సారు?"

"అంటే?"

"ఇప్పుడే జూసిన అన్నరు గద. అసలు ఇంజన్‌కు నాలుగో మెట్టు ఎట్లున్నది?"

నాకు తెలియలేదు. లెక్కపెట్టాను గానీ చూడలేదు. అతను బొమ్మను చంకలో పెట్టుకుని లైను దిక్కు నడిచాడు. నేనూ వెంట నడిచాను. అప్పుడే సిగ్నలు పడి, ఇంజను కూత పెట్టి కదిలింది. కంచె దగ్గర ఆగాం. మొదటి క్యాబు మెల్లగా దాటింది. ఇంజను పక్కనుండే గాలి జాలీలు దాటాయి. రెండో క్యాబు వచ్చింది. పైనుంచి మూడు మెట్లూ తిన్నగా ఉన్నాయి. నాలుగోది ఎడమ కొసన కాస్త కిందికి వంగి ఉంది. బొమ్మలో ఎంత వంగిందో అంతే. దాన్నే నేను పనితనం లోపమని రాశాను.

అతను ఇంజను దిక్కు చూడడం లేదు, నా మొహం చూస్తున్నాడు.

"జూసిండ్రా సారు?" అన్నాడు.

"జూసిన" అన్నాను. ఈసారి నిజంగానే చూశాను.