రెండో డిస్కులో మావయ్య

మావయ్య పోయాడన్న కబురు నాకు లోకల్ రైల్లో అందింది. ఆఫీసు నుంచి వస్తున్నాను. మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న జనం ప్రాజెక్టుల గురించీ, జీతాల గురించీ గొంతులు చించుకుంటున్నారు. ఫోన్లో నాన్న ఏదో చెబుతున్నాడు, వినిపించి చావదు. "గట్టిగా చెప్పు నాన్నా" అని అరిచాను. "మావయ్య పోయాడమ్మా" అని ఆయనా అరిచాడు. ఇంకెవరి చావు కబురు అరుపుల్లో విన్నా సరిపెట్టుకోవచ్చు గానీ, మావయ్యది అలా వినాల్సి రావడం అన్యాయం. ఆయన జన్మలో గొంతు పెంచి మాట్లాడిన మనిషి కాదు.

ఆయన మా మేనత్త భర్త. విజయనగరం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, లాలాగూడలో రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి, మల్కాజ్‌గిరిలో మా పక్క వీధిలోనే స్థిరపడ్డాడు. ఆఫీసులో ఆయన ఏం చేసేవాడో మాకు సరిగ్గా తెలీదు. ఆదివారాలు ఏం చేసేవాడో మాత్రం కాలనీ అంతటికీ తెలుసు. నాటకాలు వేసేవాడు. అన్నీ చచ్చిపోయే వేషాలే. విలన్‌గా చచ్చేవాడు, తండ్రిగా చచ్చేవాడు. ఒకసారి పాపం దేవుడి వేషం ఇస్తే, ఆ దేవుడూ ఆఖరి రంగంలో అవతారం చాలించేశాడు.

అత్త ముందు వరసలోనే కూర్చునేది. కానీ ఆయన గుండె పట్టుకున్నాడంటే చాలు, లేచి బయటికి వెళ్లిపోయేది. చప్పట్లు వినపడ్డాకే మళ్లీ లోపలికి వచ్చేది. "నాటకమే కదత్తా" అని నేను ఏడిపిస్తే, "నాటకమే. అయితే నేను చూడాలా ఏటి?" అనేది.

ఇంగ్లీషు సినిమాలకు తెలుగు మాటలు పెట్టి సీడీలుగా అమ్మడం అప్పట్లో జోరుగా సాగేది. మావయ్య నాటకం చూసిన ఒకాయన డబ్బింగుకు రమ్మన్నాడు. అమెరికా వాళ్ల బొమ్మల కథల పుస్తకాల్లోంచి తీసిన సినిమా అది. ఊరంతా ఎప్పుడూ వాన, ఎప్పుడూ చీకటి. మొహానికి ముసుగేసుకున్న ఒక మనిషి మేడల మీద ఒంటరిగా తిరుగుతూ దుర్మార్గుల్ని పట్టుకుంటాడు. ఎగరడు, నిప్పులు కురిపించడు. దెబ్బ తగిలితే అతనికీ రక్తం వస్తుంది. ఆ ముసుగు మనిషికి మావయ్య గొంతు ఇచ్చాడు.

"ముసుగోడికి మొహం లేదు కదమ్మలూ, గొంతే మొహం" అని చెప్పాడు నాకు. అమీర్‌పేటలో కోర్సులు చేసి ఇంటర్వ్యూలకు తిరుగుతున్న రోజుల్లో నేను ప్రతి జవాబూ గడగడా ఒప్పజెప్పేదాన్ని. ఆయన విని విని, "అరిస్తే ఎదుటోడు చెవులు మూసుకుంటాడు. తగ్గించి చెప్పు, దగ్గరికొస్తాడు" అన్నాడు. నాకు ఉద్యోగం వచ్చింది ఆ మాట వల్లే అని నా నమ్మకం. ఈ సంగతి ఆయనకు చెబితే, "అయితే నీ మేనేజరు కొంచెం చెవిటోడేమో చూసుకో" అని నవ్వాడు.

ఇంట్లోనూ ఆ ముసుగు గొంతు వదిలేవాడు కాదు. చారులో వేలు ముంచి, నాలిక్కి రాసుకుని, లోతుగా, నెమ్మదిగా, "ఈ నగరంలో ఉప్పు కరువైంది" అనేవాడు. "మీ ముసుగోణ్ణే వచ్చి వేసుకోమనండి" అనేది అత్త, నవ్వు ఆపుకుంటూ.

సినిమా రెండు డిస్కుల్లో వచ్చింది. పెట్టె తెరిచిన రోజు చుట్టాలందరం వాళ్ల హాల్లో చేరాం. మొదటి డిస్కు అయ్యేసరికి ముసుగు మనిషి వానలో మేడ అంచున నిలబడి ఉన్నాడు. రెండోది పెడదామనుకుంటుండగా, మాతోపాటు చూస్తున్న డబ్బింగాయన మావయ్య భుజం తట్టి, "చివర్లో ప్రాణం పోయేటప్పుడు ఊపిరి ఎంత బాగా వదిలారండీ!" అనేశాడు. అత్త చకచకా వచ్చి పెట్టెలోంచి రెండో డిస్కు తీసేసుకుని లోపలికి వెళ్లిపోయింది. "చూసింది చాలు. భోజనాలకి లేవండి" అని వంటింట్లోంచి వినపడింది.

అంతే. ఆ తరవాత ఎవరొచ్చినా మొదటి డిస్కే. మా వంశమంతటికీ ఆ సినిమా సగమే తెలుసు. ముసుగు మనిషి పోలీసు ఉద్యోగంలో చేరతాడని మా పెదనాన్న, పెళ్లి చేసుకుంటాడని మా అమ్మ వాదించుకునేవారు. అసలేం జరుగుతుందో చెప్పమంటే మావయ్య వంటింటి వైపు చూసి గొంతు తగ్గించి, "మీ అత్త పర్మిషన్ లేకుండా నేను చావకూడదమ్మా" అనేవాడు.

మొదటి డిస్కు ఆయన ఆఫీసుకీ, చుట్టాల ఇళ్లకీ తిరిగి తిరిగి గీతలు పడిపోయింది. ముసుగు మనిషి మాట మధ్యలో నోరు తెరిచి బిగుసుకుపోయేవాడు. కొన్నాళ్లకు ప్లేయరు దాన్ని లోపలికి తీసుకుని, నచ్చనట్టు బయటికి తోసేసేది.

తరవాత మావయ్యకే గొంతులో జబ్బు వచ్చింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. అత్తను పిలవాలంటే చప్పట్లు కొట్టేవాడు. నాటకాల మనిషి కదా, అందులోనూ ఒక తాళం ఉండేది.

ఆసుపత్రిలో ఆఖరి మధ్యాహ్నం అత్త ఒక్కతే పక్కనుంది. ఆయన పెదాలు కదిలించి ఏదో అన్నాడట. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాడట. మూడోసారి ఆయన్ని కష్టపెట్టలేక "సరేనండి" అందట. ఆయన కళ్లు మూసుకున్నాడు.

కర్మలయ్యేదాకా ఇంట్లో టీవీ పెట్టలేదు. చుట్టాలందరూ వెళ్లిపోయాక అత్త నా చెయ్యి పట్టుకుని, "ఆయన గొంతు గుర్తు రావట్లేదే అమ్మలూ. మొహం కనపడతంది, నోరు కదులుతంది, మాట రాదు. ఏటడిగారో తెలీకుండా సరే అనీసాను. కలలోనూ అదే అడుగుతన్నారు. వినపడదు" అంది. ఆ సీడీ ఇంకొకటి కొనుక్కొస్తానని లేచాను.

రాంగోపాల్‌పేట్‌లో సీడీల షాపులన్నీ తిరిగాను. "గా తెలుగుది ఎప్పుడో బందైందమ్మా. ఎందుకు పరేషాన్ అవుతవ్? ఇంగ్లీషుల మస్తు క్లియర్ ప్రింటుంది, తీస్కపో" అన్నాడొకతను. మనిషి మంచివాడే, నాకే ఏడుపొచ్చింది. వట్టి చేతులతో వచ్చిన నన్ను చూసి అత్త ఆదివారం మధ్యాహ్నం రమ్మంది.

వెళ్లేసరికి రెండో డిస్కు తీసి టీవీ ముందు పెట్టి ఉంది. ఒక్క గీత లేదు, ఎవరైనా చూస్తే కదా. టీవీ మీద తువ్వాలు కప్పింది.

"బొమ్మ వద్దు. మాట చాలు. నువ్వు కొస ఎత్తి చూస్తా ఉండు. ఆయన పడిపోయే ముందు ఆపీ."

ఆ ముగింపు నేనూ చూడలేదు. ఎక్కడ ఆపాలో నాకేం తెలుసు? రిమోటు పట్టుకుని, తువ్వాలు కొస ఎత్తి, టీవీ పక్కనే కింద కూర్చున్నాను. వాన చప్పుడు. అడుగులు. దెబ్బలు. ఎవరెవరో మాట్లాడుతున్నారు, మావయ్య ఒక్కడు తప్ప. అత్త కుర్చీలో కళ్లు మూసుకుని ఉంది. చాలాసేపటికి ముసుగు మనిషి చీకట్లో ఒక మేడ మీదకు ఎక్కాడు. తలుపు కిర్రుమంది. అతను ఆగాడు.

"ఎవరక్కడ?"

మావయ్య గొంతు. తగ్గించి, దగ్గరికి పిలిచే అదే గొంతు.

"నేనేనండీ" అంది అత్త.

తలుపు తీస్తూ పలికినట్టు, అంత మామూలుగా అంది. నేను తువ్వాలు కింద చూస్తున్నాను. ముసుగు మనిషి వెనక చీకట్లోంచి తుపాకి ఒకటి పైకి లేస్తోంది. చటుక్కున ఆపేశాను.

"ఆపీసావేటే?"

"ఇక్కడితో చాలత్తా. ఇంక తరవాత..."

"తెలుసు." కళ్లు తెరిచి తువ్వాలు వైపు చూసింది. "అక్కడ ఆసుపత్రిలో ఏటన్నారో వినకుండా పంపించీసాను. ఇక్కడైనా పూర్తిగా చెప్పనీ."

నాకు చెయ్యి రాలేదు. అత్త వంగి నా వేలి మీద తన వేలు పెట్టి నొక్కింది. మళ్లీ వాన మొదలైంది. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, తువ్వాలుకు దాదాపు చెవి ఆనించి, ఆయన ఏమంటాడోనని వింటూ కూర్చుంది.