కుంచెతో కలుపు మందు

మా అత్తయ్య కలుపు మందు కొట్టదు, పెడుతుంది. అదీ కుంచెతో, ఒక్కో ఆకుకీ విడివిడిగా.

రిటైరైన డ్రాయింగు టీచరు కదా, చెయ్యి ఊరుకోదు. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు, సీసా మూతలో కాసింత మందు. పిచ్చి మొక్క ముందు పీట వేసుకుని కూర్చుంటే, దాన్ని చంపడానికొచ్చిందో, దాని బొమ్మ గియ్యడానికొచ్చిందో చూసేవాళ్లకు అంతుపట్టదు.

ఓసారి పోస్టుమాన్ వచ్చి, "అమ్మగారు లేరా?" అని అడిగాడు.

"పెరట్లో మందు కొడుతోంది" అన్నాడు మామయ్య.

"పొద్దున్నేనా!"

"కొట్టట్లేదు, పెడుతున్నాను!" అని పెరట్లోంచి అరిచింది అత్తయ్య.

పోస్టుమాన్ మొహం పాలిపోయింది. "ఎవరికండీ?"

గాలి ఉంటే ఆవిడ కుంచె ముట్టదు. గాలి చూడటం మామయ్య డ్యూటీ. పాపం, ఆయన దారప్పోగు పట్టుకుని నిలబడాలి.

"ఊగుతోందా?"

"ఊగుతోంది."

"గాలికా, మీ చెయ్యి వణికా?"

"ఆకలికి."

ఆకు తడిగా ఉంటే మందు జారిపోతుందట. మబ్బు పడితే, వానకు కడుక్కుపోతుందట. పెట్టాక మొక్కను పీకనివ్వదు. "ఆకు తాగింది వేరుదాకా దిగాలి కదరా! తింటున్నవాడి ముందునుంచి కంచం లాగేస్తామా?" అంటుంది. ఎంత కావాలో అంతే కలుపుతుంది. ఒకనాడు లెక్క తప్పి కాస్త మిగిలింది. పారబొయ్యడానికి మనసొప్పక, ఆ మూత పట్టుకుని వీధి చివరిదాకా కలుపు వెతుక్కుంటూ వెళ్లింది.

పక్కింటి మేనేజరు గారికి ఇదంతా ఉచిత వినోదం. ఆయన కూడా రిటైరయ్యారు, సలహాలివ్వడం మాత్రం మానలేదు. గోడ మీద విరగబూసిన తన నారింజరంగు పూల తీగ పక్కన తల పెట్టి, "గోడవార అడవి పెరుగుతోందమ్మా! పంపుతో ఒక్క దులుపు దులిపితే పోదూ? మరీ ఇంత పిసినారితనమా!" అనేవారు. అత్తయ్య నవ్వేసి ఊరుకునేది.

మొన్న వానల్లో అత్తయ్య మణికట్టు బెణికింది. కలుపు మోకాళ్లదాకా లేచింది. సాయం చేద్దామని నేను నర్సరీ నుంచి పంపు తెచ్చి, వీపుకు తగిలించుకుని, గోడ మొదలుకు గురిపెట్టాను.

"ఆగరా! మీట నొక్కావంటే చూడు!"

కట్టు కట్టిన చేత్తోనే పరుగెత్తుకొచ్చింది అత్తయ్య. ఆవిడ గొంతులో అంత కంగారు నేనెప్పుడూ వినలేదు. కలుపు పక్కకు తప్పించి చూపించింది. బొటనవేలంత లావు కాండం ఒకటి గోడెక్కి అటు దిగింది.

"ఇది మేనేజరు గారి పూల తీగ కదూ!"

"మెల్లిగా. ఆయనదనే అనుకుంటున్నాడు."

"అదేమిటి?"

"ఉద్యోగం అయిపోయాక గడప దిగేవాడు కాదురా. ఎవరితోనూ మాట లేదు. భార్య పోరగా పోరగా అటువైపు ఓ తీగ నాటాడు. అది ఎండిపోయింది. ఆ పుల్లకే రోజూ నీళ్లు పోసేవాడు. ఇంతలో ఇది నావైపు దానంతటదే మొలిచి గోడ దాటింది. తనదే చిగురించిందనుకుని వీధి వీధంతా పిలిచి చూపించాడు. ఇప్పుడు నోరు ఆగుతోందా?"

"మరి కలుపు చేత్తో పీకెయ్యొచ్చుగా?"

"వేళ్లన్నీ పెనవేసుకున్నాయి. లాగితే ఇదీ వస్తుంది. నీ పంపు కొడితే ఇదీ పోతుంది."

పంపు దించేసి, తొడుగులు వేసుకుని, కుంచె అందుకున్నాను. అత్తయ్య పక్కన నిలబడి, ఏ ఆకో చూపిస్తోంది. పూల మధ్య మేనేజరు గారి తల లేచింది.

"ఏం బాబూ, నీకూ అంటించిందా ఈ జబ్బు? మొక్కలకు హస్తవాసి ఉండాలమ్మా! కావాలంటే మా తీగ కొమ్మ ఒకటిస్తాను, మీవైపు నాటుకోండి."

నేను నవ్వు ఆపుకోలేక కలుపులోకి తల దూర్చాను.

"ఇవ్వండి, ఇవ్వండి! ఎలా పెంచాలో కూడా కాస్త చెబుదురూ" అంటూ అత్తయ్య పీట గోడ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.