అత్త ఊపిరి సంచి

కొత్తగా కాపురానికి వచ్చిన ఆ రోజుల్లో అత్త చెప్పిందే వేదం. ఎందుకని అడిగే నోరు నాకు చాలా ఏళ్ళకు గానీ రాలేదు (వచ్చాక మూయించడం ఎవరివల్లా కాలేదు, అది వేరే సంగతి). తెలుగూ కన్నడమూ కలగలిసిన బ్రూస్‌పేటలో ఉండేవాళ్ళం. అత్తకు ఎప్పుడూ దాహం, అరికాళ్ళ మంట. చక్కెర రోగమేమోనని మా ఆయనకు భయం. రక్తం తీస్తామంటే చాలు, ఆమె సూదిని చూసి ఆసుపత్రి గేటు దాటి పారిపోయేది. చివరికి ఒక డాక్టరమ్మ, సూది లేకుండా ఊపిరితోనే కనిపెట్టే పరీక్ష ఉందని చెప్పింది. మొక్కజొన్న చక్కెర కలిపిన నీళ్ళు తాగి, కాసేపటికొకసారి సంచుల్లో ఊదాలి. అంతకుముందు కొన్నాళ్ళు జొన్నరొట్టె, బెల్లం ముట్టకుండా అన్నమే తినాలి. తాను తినని రొట్టె ఇంట్లో ఇంకెవరూ తినకూడదని అత్త హుకుం వేసింది కాబట్టి మేమందరం రోగుల్లాగా అన్నమే తిన్నాం.

ఆ రోజు నర్సమ్మ వరండాలో మా చేతికి సంచులిచ్చి లోపలికి పోయింది. తీపి నీళ్ళు అత్త గటగటా తాగి, గ్లాసు అడుగు కూడా వేలితో తుడిచి నాకింది. సంచి నోటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముఖం తిప్పుకుంది.

"ఊపిరంటే పానం కదమ్మే. మూటగట్టి పరాయోళ్ళ చేతికి ఎట్లిస్తా? నువ్వు ఊదు. వయసులో ఉండావు, నీకు శానా ఉండాది."

శానా ఉంది కదా అని బుగ్గలు నొప్పెట్టేదాకా అన్నీ నేనే ఊదాను.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ ముఖంలో రక్తం లేదు. మొక్కజొన్నలో, జొన్నలో, చెరకులో ఒక రకం బరువైన కార్బన్ వరిలో కంటే కొంచెం ఎక్కువట. ఎవరూ కలిపింది కాదు, ప్రకృతి పెట్టిన గుర్తేనట. ఒళ్ళు ఆ చక్కెరను వాడుకుంటే గుర్తు ఊపిరిలో బయటికొస్తుంది. అజ్జి (కన్నడంలో అవ్వ అని) ఊపిరిలో అది మచ్చుకైనా పెరగలేదు, ఇలాంటిది తానెప్పుడూ చూడలేదు, ఇప్పుడే చేర్చుకొని సూదులు మొదలుపెట్టాలి అంది. మా ఆయన భయంతో జేబులో డబ్బులు లెక్కపెట్టుకోసాగాడు. అత్త కూడా నిజంగానే బిత్తరపోయింది (తాను ఊదలేదన్న సంగతే మరిచిపోయింది మహాతల్లి).

"అయితే నేను తాగిన చక్కెర యాడికి పోయినట్టమ్మా?"

నా గాలితో అత్తను చంపేస్తున్నానని అప్పటికి తలకెక్కింది.

"తాగింది ఆమె, ఊదింది నేను" అన్నాను.

మా ఆయన పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అట్లా చూడలేదు. డాక్టరమ్మ కుర్చీలో కూర్చొని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

మళ్ళీ పరీక్ష పెట్టారు. ఈసారి అత్త కొంచెం ఊపిరి లోపల మిగుల్చుకుంటానని బేరమాడి, ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో నా కొంగు పట్టుకొని ఊదింది. ఒళ్ళు చక్కెరను వాడుకుంటోంది గానీ మందకొడిగానట, రోగం ఇంకా గడపలోనే ఉందట, లోపలికి రాలేదట. సూదులు అక్కర్లేదు, తీపి మాని నడిస్తే చాలన్నారు. చాలా ఏళ్ళు నడిచింది, నన్నూ నడిపించింది.

ఆమె పోయింది, తర్వాత మా ఆయనా పోయాడు. ఊపిరిని మూట కట్టడమేమిటని అప్పట్లో లోలోపల నవ్వుకున్నదాన్ని, ఇప్పుడు అత్త ఊదిన సంచి ఒక్కటి మూతి విప్పకుండా ఇచ్చి ఉంటే దేవుడి గూట్లో దాచుకొని ఉండేదాన్ని. ఊదింది ఎవరని మాత్రం ముందు అడిగేదాన్నిలెండి.