రేపు బోటుందా?

మా దీవిలోని చిన్నాసుపత్రిలో పనిచేసిన డాక్టరమ్మకు పాఠం చెప్పడం చేతకాదనీ, పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చిన మెడికల్ విద్యార్థుల కాలమంతా వృథా చేసిందనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనక్కడే నర్సుని. అది శుద్ధ అబద్ధం.

ఆమెకో అలవాటుండేది. రోగి లేచి వెళ్లబోతుంటే "రేపు బోటుందా?" అని అడిగేది. విద్యార్థులు చాటుగా నవ్వుకునేవారు.

ఒకరోజు కాలిపుండుతో ఒక ముసలామె, కూతురిని వెంటబెట్టుకుని పక్క దీవి నుంచి వచ్చింది. "రేపొచ్చి కట్టు మార్పించుకోండి" అన్నాడు ఒక విద్యార్థి. ఆమె "అచ్ఛా బాబూ" అని లేచింది.

"ఆగు దీదీ, రేపు బోటుందా?" అంది డాక్టరమ్మ.

"లేదమ్మా."

"మరి అచ్ఛా అన్నావేం?"

"డాక్టరుబాబు చెప్తే కాదంటామా!"

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "విన్నావా బేటా? ఈమె కూతురికి కట్టు కట్టడం నేర్పు. తనకి వచ్చేదాకా నీకు భోజనం బంద్."

చెమటలు కక్కుతూ నేర్పాడు.

చిన్నాసుపత్రిలో కట్లు తప్ప ఏం నేర్చుకుంటారంటూ కాలేజీవాళ్లు విద్యార్థుల్ని పంపడం మానేశారు. డాక్టరమ్మకు బదిలీ అయింది.

మొన్న మా అత్తగారిని పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు కుర్చీలో ఆ విద్యార్థే ఉన్నాడు. తలెత్తకుండా "రేపు రండి" అన్నాడు.

"మా బోటు ఈ సాయంత్రమే బాబూ. రేపు లేదు" అన్నాను.

"బోటు సంగతి మేరా కామ్ నహీ, ఆంటీ."

డాక్టరమ్మ ఏమీ నేర్పలేదనే పెద్దమనుషుల్ని ఒక్కటే అడుగుతున్నాను. ఆమె నేర్పడం నేను కళ్లారా చూశాను. అతను దాన్ని మరిచిపోయేలా చేసిందెవరు?