కట్టను తన్నినందుకు మూడు కుట్లు

మణుగూరులోని మా చిన్న నాటకశాలలో ఈ సాయంత్రం రక్తం కారింది.

ఆదివారం కన్నమ్మ రాసిన మొదటి నాటకం ఉంది. అందులో బీడీలు చుట్టే తునికాకు కొనే కల్లేదారు, ఆకు తక్కువుందంటూ ఒక ఆడమనిషి కట్టలను కాలితో తన్నుతాడు. కాగితపు కట్టలు వద్దు, సరిగ్గా యాభై ఆకులున్న అసలు కట్టలే కావాలని పట్టుబట్టింది నాటకం ఆడిస్తున్న నేనే. కన్నమ్మ మేనత్త ముత్తమ్మ పొద్దున్నే అడవిలో కోసి, కట్టి తెచ్చింది. రిహార్సల్ చూస్తూ ముందు వరసలో కూర్చుంది.

కల్లేదారు వేషం వేసిన రమేశ్ కట్టను తన్నగానే ఆమె వేదికెక్కి, చేతికందిన వెదురు కర్రతో అతని మూతి పగలగొట్టింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. ముగ్గురం పట్టుకుంటే గాని ఆగలేదు.

“నాటకమే గదా అత్తా! అసలు కల్లేదారు నీ కట్టలు తన్నిననాడు గిట్లెందుకు కొట్టలే?” అని కన్నమ్మ ఏడ్చింది.

“ఆనాడు ఆకు కొనేటోడు వాడొక్కడే బిడ్డా,” అంటూ ముత్తమ్మ కర్ర వదిలేసింది.

ఇక నాటకం లేదనుకున్నాం. రమేశ్ దవాఖానాలో మూడు కుట్లు వేయించుకుని తిరిగొచ్చాడు. “అత్త అన్న ఆ మాట రాయి, నా వేషం నేనే వేస్త,” అన్నాడు కన్నమ్మతో.

ఆ దెబ్బ కూడా రాయమన్నాను నేను. అతను రెండు చేతులతో మూతి మూసుకున్నాడు. మీరే చెప్పండి, రాయాలా వద్దా?