రెండు-పది గాజులు

ఆ రోజుల్లో నాకు తెలియనిదేదీ లేదని నా గట్టి నమ్మకం. (ఆ రోజులు మరీ పాతవేం కావు, నమ్మకమే పాతబడింది.) ఛత్రినాకలో బస్సెక్కి, పాతబస్తీలోనే ఉన్న ఒక గాజుల దుకాణానికి వెళ్లి, ఆర్డర్లు రాసుకునే ప్రోగ్రాం పైథాన్‌లో తయారుచేయడం నా మొదటి కొలువు. సేటు సైజును ఒకసారి 2.4 అని, ఇంకోసారి ‘పెద్దది’ అని చెప్పేవాడు. అందుకని ఆ గడిలో అంకైనా రావచ్చు, మాటైనా రావచ్చు అని రాసిపెట్టాను. తప్పులను ముందే పట్టే టైప్ చెకర్ దాని కింద ఎర్రగీత గీసింది. వచ్చింది అంకో మాటో తేల్చకుండా చిన్నా పెద్దా ఎలా పోలుస్తావని దాని అభ్యంతరం. రెండింటినీ విడదీసి చూసే ఓపిక నాకెక్కడిది? ‘పెద్దది’ లాంటివి తీసేసి, అన్నిటినీ అంకెలుగా మార్చేశాను. గీత పోయింది. గెలిచానని చాయ్ తాగొచ్చాను.

గాజులవాళ్లకు 2.10 అంటే రెండు-పది, 2.8 కన్నా పెద్దది. అంకెగా మారేసరికి అది చివరి సున్నా రాల్చుకుని 2.1 అయి కూర్చుంది, అంటే చిన్నపిల్లల సైజు. అంకె అన్నది నేనే కాబట్టి చెకర్ నమ్మేసింది.

మనవరాలి పెళ్లినాడు పొద్దున్నే, రెండు-పది ఆర్డరిచ్చిన ఒక అవ్వ మేం పంపిన గాజుల పెట్టె పట్టుకుని వచ్చింది. సబ్బు రాసి రాసి ఆమె చేయి ఎర్రగా కందిపోయింది. గాజులను ఒక్క మాటనలేదు. తన చేయే వాచిందని, రెండు-పది కన్నా పెద్దవి ఉంటాయా అని, లేకుంటే ఉత్త చేతులతోనే పెళ్లిలో కూర్చుంటానని మెల్లగా అడిగింది. సేటు పెట్టెలోని చీటీ మీద 2.1 చూసి, నన్ను చూశాడు. నేను నోరు మూసుకుంటే నింద ఆ చేతి మీదే ఉండిపోతుంది.

“తప్పు నాది అవ్వా. నీ చెయ్యి మంచిగనే ఉంది” అన్నాను.

సేటు అరవలేదు. సరైన గాజులు తెచ్చి నా ముందు పెట్టాడు. “గట్లయితే నువ్వే తొడుగు” అన్నాడు. మా దుకాణంలో అమ్మినవాడే తొడగాలి. నేనెన్నడూ తొడిగింది లేదు, రెండు పగలగొట్టాను. అవ్వ ఓపిగ్గా చేయి నాకే వదిలేసి జరిగిందంతా చెప్పించుకుంది.

“ఆ మిషిన్ నిన్ను ముందుగాల అడిగిందా?”

“అడిగింది.”

“మరి సేటు గిక్కడనే ఉండె గద బిడ్డా. నువ్వు అడిగితే చెప్పకపోవునా?”

మూడో గాజు పగలకుండా ఎక్కించాను. అప్పటి ఆ మేధావిని తలచుకుంటే నవ్వొస్తుంది. కందిన ఆ చేయి గుర్తొచ్చి, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.