కళ్ళ కింద మందు

మా ఆయన చనిపోయిన ఏడాది, రాయగడలో మా కొట్టు నేనే చూసుకునేదాన్ని. నా కళ్ళ కింద ముడతలు చూసి ఆడపడుచు కొరాపుట్‌లో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ముడతలు తగ్గడానికి రెటినాయిడ్ క్రీము ఇచ్చి, కంటి అంచుకు తగలకుండా కొంచెమే రాయమన్నారు. నేను పరధ్యానంగా రెప్పదాకా పూసేదాన్ని. కొద్దిరోజులకే చర్మం ఎర్రబడి పొట్టు లేచింది, కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. మంట తెలుస్తూనే ఉంది కానీ, అది ఎవరిదో అన్నట్టుండేది.

కొట్లో నా మొహం చూసి అత్తగారు దగ్గరికొచ్చింది. కొడుకు పోయిన రోజు నేను ఏడవలేదని ఆవిడకి గుర్తే.

"ఇన్నాళ్ళకి ఏడ్సేవా అమ్మీ?"

"ఏడుపు కాదత్తా, మందు పడనేదు."

"ఏదైతే ఏటి, కారనీ," అంటూ కొంగుతో నా బుగ్గలు తుడిచి, పక్కనే కూర్చుంది.

క్రీము మానేశాక చర్మం మామూలైంది. నాకు ఏడుపు మాత్రం రాలేదు.